ఆయనకు తెలియపరచబడలేదు

మా పాత ఆఫీసు వాళ్ళ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఒకరి వెనుక ఒకరు దండాలు పెడుతున్నారు. పండగ కాదు, పబ్బం కాదు, ఎవరో పోయి ఉంటారనుకుంటూ పైకి జరిపి చూస్తే ఆయన ఫొటో. రిటైరైన రోజు మెడలో పూలదండతో తీసిన ఫొటోనే పెట్టారు. ఎప్పుడు పోయాడు, ఏమై పోయాడు, ఎప్పుడు తీసుకెళ్తున్నారు, ఒక్కరంటే ఒక్కరు రాయలేదు. చేతులు జోడించిన బొమ్మ ఒకటి వేసి ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. నిజం చెప్పొద్దూ, నాకు ఏడుపు కంటే ముందు ఒళ్ళు మండింది. ఇదే ఇంకొకరి సంగతై ఆయన చూసి ఉంటే, కళ్ళజోడు తీసి తుడుచుకుని, 'డీటెయిల్స్ హావ్ నాట్ బీన్ ఫర్నిష్డ్' అనేవాడు. ఆ మాట ఆయన గొంతులో వినిపించాక ఇక ఏడుపు ఆగలేదు.

తాండూరులో మాది సర్కారు ఆఫీసు. ఆయన సీనియర్ అసిస్టెంటు, నాది పక్క సీటు. ఇద్దరి ఇళ్ళూ వికారాబాద్‌లోనే కాబట్టి పొద్దున ఒకే రైలు, సాయంత్రం ఒకే రైలు. ఆఫీసులో ఉన్నంతసేపూ నేను 'మేడం'. రైలెక్కగానే 'చెల్లె'. ఈ పద్ధతి ఎంత గట్టిగా పాటించేవాడంటే, ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉన్నప్పుడు ఏమని పిలవాలో తేలక 'ఇగో' అని పిలిచేవాడు.

ఆయనకు ఇంగ్లీషు రాదని అనను, వస్తుందనీ అనలేను. వచ్చిందంతా ఒక్క రకమే. తనకెవరూ చెప్పలేదు అని చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం ఇంగ్లీషే మాట్లాడేవాడు. మీటింగుకు ఎందుకు రాలేదని పెద్దసారు అడిగితే 'ఐ వాజ్ నాట్ ఇన్ఫార్మ్డ్ సార్'. అటెండరు చాయ్ ఆలస్యంగా తెస్తే 'టైము మారినట్టు ఇట్ వాజ్ నాట్ బ్రాట్ టు మై నోటీస్'. రైలు లేటైతే పట్టాల వంక చూస్తూ 'నో ఇంటిమేషన్ వాజ్ గివెన్'. పట్టాలేం జవాబు చెబుతాయి పాపం. ముందు కళ్ళజోడు తీసేవాడు, చేతిరుమాలుతో అద్దాలు తుడిచేవాడు, పెట్టుకునేవాడు, గడ్డం పైకెత్తేవాడు, అప్పుడు వచ్చేది ఆ మాట. ఆయన కళ్ళజోడు మీద చెయ్యి వేశాడంటే మేమంతా నవ్వు దాచుకోవడానికి ఫైళ్ళలో తలలు దూర్చేవాళ్ళం.

ఇంట్లోనూ ఇదే వరస. ఒకసారి నేను వాళ్ళింట్లో భోంచేస్తుంటే బీరకాయ కూర చేదు తగిలింది. ఆయన ముద్ద పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి, 'చేదని ఐ వాజ్ నాట్ ఇన్ఫార్మ్డ్' అన్నాడు. వదిన, అంటే ఆయన భార్య, నీ ఇంగ్లీషు మీద మన్ను పొయ్య, నాకు మాత్రం ఎవరు చెప్పిన్రు అని ఆ చేదు ముద్ద తీసి తన కంచంలో వేసుకుంది. వాళ్ళిద్దరి కాపురం అట్లా ఉండేది. తిట్టుకుంటూనే ఒకరి కంచంలోది ఒకరు తినేవాళ్ళు.

ఆ ఏడ్చేదేదో తెలుగులో ఏడవొచ్చు కదా అని ఒకరోజు రైల్లో అడిగేశాను. ఆయనకు కోపం రాలేదు.

"తెలుగుల అయితే 'నువ్వు నాకు చెప్పలే' అనాలె చెల్లె. అట్లంటే అవతలోనితోని పంచాయితే. ఇంగ్లీషుల ఎవ్వని పేరు రాదు. నా బాధ నేను చెప్పుకున్నట్టుంటది గంతే."

నాకది తమాషాగా అనిపించి నవ్వాను. బాధ అన్నాడే, ఏం బాధ అని ఆ రోజు అడగలేదు.

అది బత్తాయిల వల్ల తెలిసింది. ధారూరులో ఒక పండ్లామె గంపతో మా పెట్టె ఎక్కేది. ఆమె వస్తే చాలు ఆయన మొహం కిటికీ వైపు తిప్పేసేవాడు. జామకాయలైతే కొనేవాడు, సీతాఫలాలైతే బేరమాడి మరీ కొనేవాడు, బత్తాయిలంటే మాత్రం వాసన కూడా పడేది కాదు. నేనొకటి ఒలిచి చేతిలో పెట్టబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. తర్వాత కాసేపటికి తనే చెప్పాడు. కొత్తగా ఉద్యోగమొచ్చి దూరంగా ఉన్న రోజుల్లో, బొంరాస్‌పేట దగ్గరి వాళ్ళ ఊరి నుంచి ఫోనొచ్చిందట. అమ్మకు జర పానం బాగలేదు, జల్ది రా అని. జ్వరమో ఏమో, నోటికి పుల్లపుల్లగా ఉంటే బాగుంటుందని సంచి నిండా బత్తాయిలు కొనుక్కుని బస్సెక్కాడు. ఊళ్ళో దిగాక తోవలో ఎదురైన వాళ్ళు ఒక్కరూ ఏమీ అనలేదట. ఒకాయన సంచి బరువుగా ఉందని పట్టుకుని వాకిలి దాకా తెచ్చిచ్చాడు కూడా. ఆ వాకిట్లో అమ్మను పడుకోబెట్టి ఉంచారు. ఆయన కోసమే ఆపారు.

"పీనుగు ముంగట పండ్ల సంచి పట్టుకొని నిలవడ్డ చెల్లె," అన్నాడు. "అందరికీ ఎరుకనే. నాకొక్కనికే ఎరుక లేదు."

మా వైపు చావు కబురు ఫోన్లో ఎవరూ చెప్పరు. మనిషి పోయినా 'జర సీరియస్ ఉంది, జల్ది రా' అనే అంటారు. విన్నవాళ్ళు తోవలో ఏమైపోతారో, ఏ బండి కింద పడతారో అని భయం. దాచేది ప్రేమతోనే, కాదనను. కానీ ఆ ప్రేమ ఆయన చేతికి బత్తాయిల సంచి ఇచ్చి అందరి ముందూ నిలబెట్టింది. అప్పటి నుంచి ఆయన అలాంటి కబుర్లు చదవడం నేర్చుకున్నాడు. ఆఫీసులో ఎవరికి అలాంటి ఫోనొచ్చినా ఫోను ఆయన చేతికిచ్చేవాళ్ళు. ఏ దవాఖానలో ఉన్నారు, పక్కన ఎవరున్నారు అని అడిగేవాడు. అవతలివాళ్ళ జవాబు తడబడితే మనిషి లేనట్టే. ఎన్నడూ తప్పలేదు. అలాంటప్పుడు మాత్రం ఇంగ్లీషు ఉండేది కాదు, వాళ్ళ పక్కన కూర్చుని మెల్లగా తెలుగులోనే చెప్పేవాడు.

నాకూ అట్లాగే చెప్పాడు. మా నాన్నకు బాగాలేదని మా ఊరి నుంచి ఫోనొస్తే నేను పిచ్చిదానిలా డాక్టరు రిపోర్టుల గురించి, రక్తం ఎక్కించడం గురించి మాట్లాడుతున్నాను. ఆయన ఫోను తీసుకుని పక్కకు వెళ్ళి వచ్చాడు. ఆఫీసులో, అందరి ముందూ, మొదటిసారి నన్ను చెల్లె అన్నాడు.

"చెల్లె, మీ నాయిన పోయిండు. ఆడికి పోయి తెలుసుకునుడు కన్నా ఈడ తెలుసుకునుడు మంచిది. ఈడనే ఏడ్వు, నేనున్న."

అక్కడే కూర్చుని తనివితీరా ఏడ్చాను. ఆయన నన్ను బస్సెక్కించి, తనూ ఎక్కి, మా ఊరి దాకా వచ్చాడు. మా వాకిట్లో అడుగుపెట్టేటప్పటికి నా కాళ్ళు గట్టిగానే నిలబడ్డాయి. మా అమ్మను పట్టుకోగలిగాను. ఆ మేలు నేను చచ్చేదాకా మరిచిపోను.

ఆయనకు ఒక్కతే బిడ్డ. కర్ణాటక హద్దున బషీరాబాద్ దగ్గరి ఊరికి ఇచ్చారు. ఒకప్పుడు గొర్ల మందలతో తిరిగిన ఇల్లు, ఇప్పుడు కొన్ని గొర్లూ, కంది చేనూ. సాయంత్రం రైలు తాండూరు దాటగానే ఆ పిల్ల ఫోన్ చేసేది. ఆ ఫోను కోసం ఆయన కిటికీ పక్క సీటు ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఏ గొర్రె ఈనిందో, అత్త దేనికి అలిగిందో, పక్కింటి ముసలమ్మ కొత్తగా ఏ కన్నడం మాట నేర్పిందో అన్నీ చెప్పేది. అంతా విని, ఫోను జేబులో పెట్టుకుని, నా వైపు చూసి, 'ఐ హావ్ బీన్ డ్యూలీ ఇన్ఫార్మ్డ్' అనేవాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆ మొహం చూడాలి. లోకంలో నాకు అన్నీ చెప్పేది నా బిడ్డ ఒక్కతే అని మురిసిపోయేవాడు.

ఒక వానాకాలం సాయంత్రం, బిడ్డకు జ్వరమట, గోలీ వేసుకుందట అన్నాడు. రెండు రోజులకు ఆదివారం. పొద్దున వదిన దగ్గరి నుంచి నాకు ఫోనొచ్చింది, ఏడుపు తప్ప మాట లేదు. పరుగున వెళ్ళాను. ఆయన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. అల్లుడి అన్న ఫోన్ చేశాడట, 'పిల్లకు జర సీరియస్ ఉంది మామా, జల్ది రాన్రి' అన్నాడట.

"బిడ్డ పోయింది చెల్లె," అన్నాడు.

వదినకు అప్పటికే చెప్పేశాడు. దాచిపెట్టి పండ్ల సంచితో తీసుకుపోయే మనిషి కాదు కదా. ఆయన చెప్పాడంటే మాకెవరికీ అనుమానం రాదు. ఎన్నడూ తప్పింది లేదు. ఏ దవాఖాన, పక్కన ఎవరున్నారు అని లోకంలో అందరి ఫోన్లకూ అడిగిన మనిషి, తన ఫోనుకు అడగలేదు. ఆ రెండు మాటలు వినగానే చెయ్యి దానంతటదే ఫోను కట్ చేసిందట.

పెళ్ళైన ఆడపిల్ల పోతే తల్లిగారింటి నుంచి చీర పోవాలి. పసుపు, కుంకుమ, గాజులు, పూలు పోవాలి. మేనమామలు వెంట ఉండాలి. బొంరాస్‌పేట నుంచి వదిన తమ్ముళ్ళు జీపు మాట్లాడుకుని వచ్చేలోగా ఆయన, నేను చీర కోసం వికారాబాద్ బజారుకు వెళ్ళాం. ఆకుపచ్చ అంటే బిడ్డకు ఇష్టమని వదిన ఏడుస్తూనే చెప్పింది. కొట్టువాడు ఒక్కొక్కటే విప్పి వేస్తుంటే ఆయన అంచులు చేత్తో తడిమి చూశాడు. ఇది గరుకున్నది, దానికి ఒరుసుకుంటది అని ఒకటి పక్కన పెట్టాడు. కొట్టువాడు, పెండ్లా సార్ అని అడిగాడు. ఆయన మెత్తగా ఉన్న దాన్ని మడత పెట్టమన్నాడు. తర్వాత పూల కోసం ఆగాం. తర్వాత మేనమామల కోసం ఆగాం. చుట్టాలకు ఫోన్లు చేశాం. పోయిన పిల్ల దగ్గరికి పోవడానికి తొందరేముంటుంది?

జీపు తాండూరు ఊళ్ళోంచే పోయింది. బషీరాబాద్ తోవ అదే. ఆగకుండా పోయింది.

వాళ్ళ ఊళ్ళో ఇంటికి తాళం వేసి ఉంది. వాకిట్లో మనిషి లేడు, ఏడుపు లేదు. ఆయన ఒక్కడే దిగాడు, వెనుకే నేనూ దిగాను. పక్కింటి ముసలమ్మ బయటికి వచ్చి, "ఎల్లారూ తాండూరు ఆస్పత్రియల్లి ఇద్దారె," అంది, అందరూ తాండూరు ఆసుపత్రిలో ఉన్నారని. పొద్దున ఇంటికి వచ్చిపోయిన అల్లుడి తమ్ముడు చెప్పాడట, పిల్ల కళ్ళు తెరిచిందట, మాట్లాడుతోందట, మీరు ఇక్కడికెందుకు వచ్చారు అని కన్నడమూ తెలుగూ కలిపి అడుగుతోంది. ఆయన కళ్ళజోడు తీశాడు. తుడవలేదు, మళ్ళీ పెట్టుకోనూ లేదు, చేత్తో పట్టుకునే జీపెక్కాడు. దవాఖానలనే ఉన్నరంట, ఆడికే పోవాలె అన్నాడు. జీపులో ఉన్నవాళ్ళు శవం ఇంకా అక్కడే ఉందనుకున్నారు. దారి పొడుగునా డ్రైవరు భుజం మీద చెయ్యి వేసి, జర ఉరికియ్యి బిడ్డా, జర ఉరికియ్యి అంటూనే ఉన్నాడు. పీనుగు కోసం ఇంత ఉరుకుడెందుకని వదిన తమ్ముడు కసిరాడు.

మేము వెళ్ళేసరికి అయిపోయింది. ఎంతోసేపు కాలేదు. అల్లుడు వరండాలో ఎదురొచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు. "ఇప్పటిదాంక మీ కోసమే చూసింది మామా. నాయిన వచ్చిండా, నాయిన వచ్చిండా అని నన్ను తినేసింది," అన్నాడు. ఆయన అల్లుడి నోటి మీద చెయ్యి పెట్టాడు. వెనక్కి తిరిగి వదిన ఎంత దూరంలో ఉందో చూశాడు. ఆమె ఇంకా మెట్ల దగ్గరే ఉంది, ఆడవాళ్ళు పట్టుకుని నడిపిస్తున్నారు. దీని తల్లికి చెప్పకు బిడ్డా, నీ కాళ్ళు మొక్కుత అన్నాడు. అల్లుడికీ, నాకూ తప్ప ఆ మాట ఎవరికీ వినపడలేదు. వదిన లోపలికి వెళ్ళింది. మేము కొన్న చీర నేనే ఆమెకు అందించి తలుపు దగ్గరగా వేశాను.

ఆ తర్వాత ఆయన ఇంగ్లీషు నేను వినలేదు. మళ్ళీ ఆఫీసుకు వచ్చాడు, అదే సీటు, అదే రైలు. కిటికీ పక్క సీటు మాత్రం ఎవరడిగినా ఇచ్చేసేవాడు. ఒకసారి ఏదో సమీక్షకు కాగితాలు సిద్ధం చేయలేదని కొత్తగా వచ్చిన పెద్దసారు అందరి ముందూ కేకలేశాడు. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, మాకందరికీ తెలుసు. ఇప్పుడు కళ్ళజోడు తీస్తాడని ఎదురుచూశాం, మాకు ఆ మాట కావాలనిపించింది, ఆ మనిషి మాకు తిరిగి కావాలనిపించింది. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చెప్పిన్రు సార్," అన్నాడు. "నాకు చెప్పిన్రు. నేనే ఇనలే."

ఎవరికైనా ఊరి నుంచి ఫోనొచ్చి, అలవాటు కొద్దీ ఆయన చేతికివ్వబోతే ముట్టుకునేవాడు కాదు. నన్ను అడగకున్రి, ముందుగాల ఉరుకున్రి అనేవాడు. తెలియనివాళ్ళు ఈయనకేమైంది అనుకునేవాళ్ళు.

ఒకే ఒక్కసారి రైల్లో ఆ ముచ్చట తీశాడు. బతికున్న బిడ్డను పోయిందని కన్నతల్లికి చెప్పిన చెల్లె, నా నోటితోనే చెప్పిన, ఆ బిడ్డ కోసం బజారుల పీనుగు చీర కొన్న, ఇది మాత్రం ఆమెకు ఎరుక కావద్దు, నీ పిల్లల మీద ఒట్టు అన్నాడు. ఒట్టు వేశాను. తనకు చెప్పలేదని జన్మంతా కుమిలిన మనిషే, ఇంట్లో మనిషికి చెప్పొద్దని నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఎదురు సీటువాళ్ళు చూస్తున్నారన్న ధ్యాస కూడా లేదు. ఏం చేస్తాం, ఒట్టు నిలబెట్టుకున్నాను. రిటైరయ్యాక వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా ముగ్గురం కూర్చుని వానల గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుకునేవాళ్ళం. బిడ్డ పేరు వదిన ఎత్తేది కాదు, ఆయన ఎత్తేవాడు కాదు. ఎత్తితే ఎక్కడ నోరు జారుతుందోనని నాకూ భయంగానే ఉండేది.

ఈ పొద్దున ఫొటో చూసి పరుగున వెళ్ళాను. చాయ్ తాగుతూ తాగుతూ ఒరిగిపోయాడట. వదిన ఏడవడం లేదు. నన్ను చూసి లేచి వంటింట్లోకి రమ్మని చెయ్యి పట్టుకుంది, తలుపు దగ్గరగా వేసింది. ఆమె అడగబోయేది ఏమిటో నాకు అర్థమైపోయింది. ఒట్టు వేయించుకున్న మనిషి అవతల గదిలో పడుకుని ఉన్నాడు, నేను ఎవరికని భయపడాలి, ఎవరికని అబద్ధం చెప్పాలి? కానీ ఆమె అడగలేదు.

"ఆనాడు ఫోనొచ్చినప్పుడు నా బిడ్డ బతికే ఉండె," అంది. "నీకు ఎరుకనే గద. నాకూ ఎరుకనే."

ఎవరు చెప్పారు వదినా అన్నాను.

"ఎవరు చెప్తరమ్మా? చీర కట్టింది నేనే గద. ఒళ్ళు ఇంకా ఎచ్చగుండె."

మరి ఇన్నేళ్ళూ అన్నయ్యకు చెప్పలేదా అని అడిగాను. ఆమె తలుపు సందులోంచి అవతలి గదిలోకి చూసింది, ఆయన ఎక్కడ వింటాడో అన్నట్టు గొంతు తగ్గించింది.

"ఎన్నోమాట్ల నోటి దాంక వచ్చింది. చెప్తే ఆ మనిషి ఆడనే కూలిపోతుండె. నాకు తెల్వదన్న ధీమా మీదనే గద, ఇన్నేండ్లు నిలవడ్డడు."